మైకు పోలేదు

తల్లిదండ్రులు ఆయనకు పేరు పెట్టకపోలేదు. ముచ్చటపడి మంచి పేరే పెట్టారు. కానీ పొద్దున లేచింది మొదలు ఏదో ఒక సందు మొదట్లో నిలబడి "హలో, హలో, హలో" అని గొంతు చించుకునే మనిషిని ఊరు ఏ పేరుతో పిలుస్తుంది? హలో గారు అంది. కొట్టు మీద బోర్డు ఉంది గానీ దాని మీద ఏముందో చదివిన పాపాన ఎవరూ పోలేదు. "హలో గారి కొట్టు" అంటే చాలు, ఎవరైనా దారి చూపిస్తారు.

కొట్టంటే ఇంటి ముందు గదే. హారన్లు, నల్లటి స్పీకరు డబ్బాలు, చుట్టలు చుట్టిన వైర్లు, వాటి మధ్య ఒక మనిషి పట్టేంత చోటు. ఏళ్ళ తరబడి స్పీకర్ల పక్కన నిలబడీ నిలబడీ హలో గారి ఎడం చెవి ముప్పావు వంతు పోయింది. ఆయన రహస్యం చెబితే మూడిళ్ళ అవతల వినిపిస్తుంది. "ఈయనకు మైకెందుకో, మైకుకు ఈయనెందుకో" అంటుంది భార్య.

ఆయనకు ఉన్న గర్వం ఒక్కటే. ఎంత గాలివాన రానీ, ఎంత కరెంటు పోనీ, నడి మీటింగులో ఆయన మైకు ఏనాడూ చావలేదు. "పెళ్ళాం అలిగితే ఎలాగోలా సర్దుకోవచ్చురా. నడి మీటింగులో మైకు అలిగితే మళ్ళీ ఊళ్ళో మొహం చూపించలేం" అనేవాడు. విచిత్రమేమిటంటే ఇన్ని మైకుల యజమాని ఇంతవరకు 'హలో' తప్ప మరో ముక్క మైకులో అనలేదు. "మాట వాళ్ళది, మోత మనది" అని తేల్చేసేవాడు. మైకుకు పార్టీ ఏమిటి, కులం ఏమిటి, ఎవరు పిలిస్తే వాళ్ళ దగ్గరికి వెళ్ళడమే అని ఆయన సిద్ధాంతం. ఆ సిద్ధాంతం ఎంత దూరం తీసుకెళ్ళిందో ఇప్పుడు చెబుతాను.

ఆ మైకులు చావకపోవడానికి అసలు కారణం మేడ మీద ఉండేది. సరిహద్దు అవతలి నుంచి పొట్ట చేతబట్టుకుని వచ్చిన కుర్ర దంపతులు, ఒక పాప. రంగు వేరు, జుట్టు వేరు, మాట వేరు. అతను సోల్డరింగు కడ్డీ పట్టుకుంటే చచ్చిన యాంప్లిఫయరు కూడా లేచి కూర్చుంటుంది. మేడ మీద ఉంటారు కాబట్టి హలో గారి భార్య వాళ్ళను 'పైవాళ్ళు' అనేది. "పైవాళ్ళు నీళ్ళు పట్టుకున్నారా?", "పైవాళ్ళ పాప తిన్నదా?" ఇలా. ఆవిడ నోట 'పైవాళ్ళు' అంటే చుట్టాలు అన్నంత మాట.

అతనికి తెలుగు నేర్పింది ఆవిడే. ఆవిడకు ఎవరినైనా గారు పెట్టి పిలవడం అలవాటు. పాలాయన గారు, ఇస్త్రీ ఆయన గారు, ఆఖరికి చెత్త ఎత్తే ఆయన గారు. అది విని విని, గారు అనేది తెలుగులో ప్రతి మాటకీ ఉండే తోక అనుకున్నాడు అతను. "అన్నా, కరెంటు గారు పోయారు!" అని మేడ మీద నుంచి అరిచేవాడు. "వైరు గారికి దెబ్బ తగిలింది, కట్టు కట్టాను" అనేవాడు. మొదట్లో దిద్దుదామనుకున్నారు. తర్వాత వీధంతా దానికే అలవాటు పడింది. అతని భార్య మాటలు తక్కువ. సెట్టు రిపేరయ్యాక పెరట్లో హారను కట్టి హలో గారు "హలో హలో" అంటే, పిట్టగోడ దగ్గర నిలబడి "వినిపిస్తోంది. ఇంకొంచెం గట్టిగా" అని చెప్పడం ఆ అమ్మాయి పని. తెలుగులో ఆ అమ్మాయికి తడబడకుండా వచ్చే ముక్కలు అవే.

అలా ఉండగా ఊళ్ళోకి ఉరుము వచ్చాడు. అది ఆ కొత్త నాయకుడి బిరుదు. మీటింగుల్లో తిట్టడానికే ఆ దేవుడు అతనికి గొంతిచ్చాడు, బుర్రకు కేటాయించిన సరుకు కూడా గొంతులోనే పోశాడు. మైదానంలో మీటింగు, మైకు హలో గారిది. ఉరుము లేచాడు. "ఎక్కడినుంచో ఊడిపడ్డ ఈ పైవాళ్ళు మన పనులు తినేశారు! వాళ్ళ మొహాలు చూడండి, ఆ రంగేంటి, ఆ ముక్కులేంటి! మన వీధుల్లో వాళ్ళ కంపేంటి! పైవాళ్ళు పోవాలి!" జనం చప్పట్లు కొట్టారు. చప్పట్లకేం, ఎవరు ముందు కొడితే వాళ్ళ వెనకాల కొడతారు.

యాంప్లిఫయరు దగ్గర కూర్చున్నది ఎవరు? మన మేడ మీది అతనే. ఉరుము తనను తిడుతున్నాడని అతనికి సగమే అర్థమైంది. గొంతు మరీ కీచుమంటోందని మాత్రం పూర్తిగా అర్థమైంది. "ట్రెబుల్ గారు ఎక్కువయ్యారు అన్నా" అని మెల్లగా నాబు తిప్పాడు. తిట్లు గుండ్రంగా, స్పష్టంగా, ముత్యాల్లా రాలాయి. హలో గారు పక్కనే నిలబడి నేల చూపులు చూశారు. చెయ్యి చాచితే స్విచ్చు అందుతుంది. చాచలేదు.

మర్నాటికి వీధి మారిపోయింది. ఇస్త్రీ ఆయన పైవాళ్ళ మూట విప్పకుండానే తిప్పి పంపాడు, బొగ్గులు లేవట. పక్కింటి మూటకు మాత్రం ఉన్నాయి. పాప బళ్ళోంచి ఏడుస్తూ వచ్చింది. ఎవరో హలో గారి గోడ మీద సుద్దతో "పైవాళ్ళు పొండి" అని రాసి, కింద ఉన్నవాళ్ళు తమననుకుంటారేమోనని మేడ వైపు బాణం గుర్తు కూడా వేశారు. ఎంత మర్యాద!

హలో గారి భార్య అది చదివి భగ్గుమంది. "నా గోడ, నా మేడ, నా పైవాళ్ళు. పొమ్మనడానికి వీడెవడు? ఉరుమో పిడుగో, వాడొచ్చి అద్దెకుంటాడా?" అని తడిగుడ్డతో గోడ తుడిచింది. బాణం మాత్రం పోలేదు. ఎంత రుద్దినా మేడ వైపు చూపిస్తూనే ఉంది.

సాయంత్రం అతను మెట్లు దిగి వచ్చాడు. "వదినా, వచ్చే సోమవారం వ్యాను గారిని మాట్లాడాను. వెళ్ళిపోతాం."

"వ్యానూ లేదు, గీనూ లేదు. ఎక్కడికి వెళ్తారు?"

"తెలీదు. పాప రోజూ ఏడుస్తోంది. వీధిలో ఎవ్వరూ మాట్లాడటం లేదు." కింది మెట్టు మీద కూర్చున్నాడు. "ఊళ్ళో పెద్ద మనిషి ఎవరన్నా ఒక్క మాట అంటే ఉంటాం. వీళ్ళు మంచివాళ్ళు, ఉండనివ్వండి అని. ఒక్క మాట చాలు."

పెద్ద మనిషంటే ఊళ్ళో ఒకరే. అందరూ పెద్దాయన అంటారు. ఎన్నిసార్లు ఎన్నికలొచ్చినా ఆయనే గెలుస్తాడు. నోట్లో నువ్వుగింజ నానదు. కుక్కల మీద మాట్లాడతాడు, కాలవల మీద మాట్లాడతాడు, బస్సు ఆలస్యమైతే దాని మీద కూడా ప్రకటన ఇస్తాడు. ఆయన ప్రతి మీటింగుకూ మైకు హలో గారిదే. పోయిన ఎన్నికల్లో మైకు బ్రహ్మాండంగా పలికిందని మేడ మీది అతని భుజం మీద చెయ్యి వేసి ఫోటో కూడా దిగాడు. పైగా హలో గారి బామ్మర్ది ఆయన వెనకే తిరుగుతుంటాడు. ఆయన తుమ్మితే ఇతను రుమాలు తీస్తాడు.

మొగుడూ పెళ్ళాం కలిసి వెళ్ళారు. పెద్దాయన ఆప్యాయంగా కూర్చోబెట్టాడు. మోకాలి నొప్పి గురించి చెప్పాడు, పెరట్లో గులాబీల గురించి చెప్పాడు, కొత్త బస్సు షెల్టరుకు ఏ రంగు బావుంటుందో అడిగాడు. సంగతి ఎత్తేసరికి బెల్లం కొట్టిన రాయిలా ఉండిపోయాడు. చాలాసేపటికి వేలు కప్పు వైపు చూపించి, "పైవాళ్ళ సంగతి పైవాళ్ళు చూసుకోవాలమ్మా" అన్నాడు.

ఆవిడ తెల్లబోయింది. "పాపం వాళ్ళేం చూసుకుంటారండీ, వాళ్ళనేగా పొమ్మంటున్నది?"

"అక్కా!" అని నెత్తి కొట్టుకున్నాడు బామ్మర్ది. "ఆ పైవాళ్ళు కాదే. పైన పార్టీ పెద్దలు. వాళ్ళు ఏమనమంటే అది అనాలి."

"వాళ్ళేమన్నారు?"

"ఇంకా ఏమీ అనలేదు."

"అయితే ఈయన్ని చూసి వాళ్ళూ, వాళ్ళని చూసి ఈయనా? ఎవరు ముందు నోరు తెరుస్తారో అని ఊరంతా కాపలా కాయాలా?" ఆవిడ కుర్చీలోంచి కదలలేదు. "అయ్యా, మీరు ఒక్క మాట అనేదాకా నేను లేవను. కావాలంటే గులాబీలకు నీళ్ళు పోస్తూ ఇక్కడే ఉంటా."

అన్నంత పనీ చేస్తుందని పెద్దాయనకు అర్థమైంది. ఇబ్బందిగా నవ్వి, "సరేనమ్మా, ఆదివారం మైదానం పక్కన బస్సు షెల్టరు ప్రారంభం ఉందిగా. అక్కడ ఒక్క మాట అంటాను" అన్నాడు. ఆవిడ ఇంటికొచ్చి చెప్పులు విప్పకుండానే మేడెక్కి కబురు చెప్పింది. కట్టిన మూటలు అలాగే ఉంచి పైవాళ్ళు ఆదివారం కోసం ఎదురుచూశారు.

ఆ ఆదివారానికి మేడ మీది అతను మైకును కడిగిన ముత్యంలా తయారుచేశాడు. ప్రతి అతుకూ మళ్ళీ సోల్డరు చేశాడు. హారన్లు మామూలు కంటే ఎక్కువ కట్టి, ఒకదాన్ని తమ వీధి వైపు తిప్పాడు. పిట్టగోడ దగ్గర నిలబడే భార్యకు కూడా ఆ మాట వినబడాలని.

పెద్దాయన లేచాడు. షెల్టరు గురించి, దాని బెంచీల గురించి, బెంచీల మీద ఎవరు కూర్చోవాలో, ఎవరు పడుకోకూడదో చెప్పాడు. ముందు వరసలో ఉరుము మనుషులు చేతులు కట్టుకుని కూర్చున్నారు. వాళ్ళ వెనక మామూలు జనం. ఒకర్ని కాదంటే ఓట్లు పోతాయి, ఇంకొకర్ని కాదంటే పరువు పోతుంది. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. ఆయన బెంచీల మాట దగ్గరే ఆపి దండం పెట్టేసి దిగిపోబోయాడు.

"అయ్యా! ఆ ఒక్క మాట!" అని ఆడవాళ్ళ వైపు నుంచి లేచింది హలో గారి భార్య.

"ఆఁ… అదే తల్లీ, ఆ విషయానికే వస్తున్నాను" అని గొంతు సవరించుకున్నాడు. నీళ్ళు తాగాడు. మళ్ళీ సవరించుకున్నాడు. నోరు తెరిచాడు. ఏమీ రాలేదు. పెద్దాయన కళ్ళు బామ్మర్ది కోసం వెతికాయి. ఆ చూపు చాలు వాడికి.

"మైకు పోయింది! మైకు పోయింది!" అని అరుస్తూ వచ్చి పెద్దాయన పక్కన నిలబడ్డాడు.

మునిగిపోయేవాడికి గట్టు దొరికింది. పెద్దాయన మైకును అటూ ఇటూ తిప్పి చూసి, అయ్యో అన్నట్టు తలాడించి, మాట్లాడటం మొదలుపెట్టాడు. మాట్లాడటమంటే పెదవులు ఆడించడం. శబ్దం లేదు. చెయ్యెత్తాడు, పిడికిలి బిగించాడు, గుండె మీద అరచెయ్యి పెట్టుకున్నాడు, నోరు ఆడుతూనే ఉంది. ముందు వరసవాళ్ళు "పొమ్మంటున్నాడు" అన్నారు. వెనక వరసవాళ్ళు "ఉండమంటున్నాడు" అన్నారు. ఎవరికి కావలసింది వాళ్ళు ఆ పెదవుల మీద చదువుకున్నారు. ఆడలేక మద్దెల ఓడు అనడం విన్నాం గానీ, మద్దెలను తిడుతూ ఇంత బాగా ఆడినవాణ్ణి ఎవరూ చూసి ఉండరు.

హలో గారికి చెంప మీద కొట్టినట్టయింది. ఆయన మైకు! పోవడం! యాంప్లిఫయరు వైపు చూస్తే పచ్చ దీపం నిక్షేపంగా వెలుగుతోంది. పాపం మేడ మీది అతను మాత్రం తన సోల్డరింగే మోసం చేసిందనుకున్నాడు. ఆ ఒక్క మాట గాలికి పోతోందని గాభరాపడి సౌండు నాబును చివరికంటా తిప్పాడు.

అన్ని హారన్లలోంచీ ఒక్కసారిగా పెద్దాయన గుసగుస ఊరంతా మోగింది. "ఒరేయ్, ఇంకెంతసేపు ఆడించాలిరా నోరు?"

పక్కనే బామ్మర్ది గొంతు. "ఇటు చాలయ్యా. అటు తిరిగి ఇంకో నాలుగు ముక్కలు ఆడించండి. దిగిపోదాం."

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. అర్థమయ్యాక మైదానం పగలబడి నవ్వింది. ఉరుము మనుషులు కూడా నవ్వారు. ఆ గోలలో మేడ మీది అతను స్టేజీ ఎక్కాడు. వైరు పట్టి చూశాడు, అతుకు తట్టి చూశాడు, మైకు మీద వేలితో కొడితే ఠంగుమంది. హలో గారి వైపు తిరిగి నిజాయితీగా తేల్చి చెప్పాడు. మైకు పక్కనే ఉంది కాబట్టి అదీ ఊరంతా విన్నది.

"మైకు గారు బాగానే ఉన్నారు అన్నా. పెద్దాయనే పనిచెయ్యడం లేదు."

నవ్వీ నవ్వీ జనం కళ్ళనీళ్ళు తుడుచుకున్నారు. పెద్దాయన దండం పెడుతూ కారెక్కాడు. మేడ మీది అతనొక్కడే నవ్వలేదు. అతను జోకు వెయ్యలేదు మరి. నవ్వులన్నీ అయిపోయి అందరూ వెళ్ళిపోయేదాకా ఆ మాట కోసం నిలబడి, తర్వాత వైర్లు చుట్టడం మొదలుపెట్టాడు.

"ఏమైనా అన్నాడా, చివర్లో?" అని ఆశగా అడిగింది హలో గారి భార్య.

"లేదు వదినా. అనలేదు."

సోమవారం పొద్దున్నే వ్యాను వచ్చి గుమ్మంలో ఆగింది. వీధి వీధంతా చూడనట్టు చూస్తోంది. ఇస్త్రీ ఆయన పెట్టె ఆపకుండా ఒకే చొక్కాను అరిగిపోయేలా రుద్దుతున్నాడు. హలో గారి భార్య మెట్ల మీద అడ్డంగా కూర్చుంది. "నన్ను తొక్కుకుంటూ దించండి సామాను" అని. వ్యాను డ్రైవరు తల గోక్కుంటూ నిలబడ్డాడు. అదిగో, సరిగ్గా అప్పుడు బామ్మర్ది దిగాడు.

"బావా, ఊరి ముందు పెద్దాయన్ని నవ్వులపాలు చేశావు కదా! సరే, అయిందేదో అయింది. పెద్దాయన కోపం పెట్టుకోలేదు. ఆ మైకులో ఏదో తేడా ఉంది, దానంతటదే ఏవేవో కూసింది అని నువ్వు ఒక్క మాట అను. మీటింగులన్నీ మళ్ళీ నీకే."

"ఏమనమన్నావు?" అని కుడి చెవి తిప్పారు హలో గారు.

"మైకు పోయిందని! ఒక్క మాట! ఒక్క మాట అనడానికి ఏం పోయింది నీకు?"

హలో గారు బామ్మర్దిని ఎగాదిగా చూశారు. తర్వాత గబగబా లోపలికి వెళ్ళి యాంప్లిఫయరు తెచ్చి అరుగు మీద పెట్టారు. మెట్ల కమ్మీకి హారను కట్టారు. మైకు చేతిలోకి తీసుకున్నారు. బామ్మర్ది మొహం వెలిగిపోయింది. "అదీ! ఊరంతా వినేలా అంటున్నావా? శభాష్ బావా!"

"హలో" అన్నారు హలో గారు. "హలో. హలో."

ఆ తర్వాత ఏమనాలో ఆయనకు తెలియదు. ఇన్నేళ్ళలో అంతకు మించి అనలేదుగా! పెద్దాయన మీద ఆ క్షణంలో కాస్త జాలి కూడా కలిగింది. అయితే మెట్ల మీద పెళ్ళాం చూస్తోంది. పెద్దాయనకు లేనిదీ తనకు ఉన్నదీ ఆ పెళ్ళామే.

"నిన్న మైకు పోలేదు" అన్నారు. "పోవలసింది మొన్న ఉరుము మీటింగులో. అప్పుడు నేను పోనివ్వలేదు. స్విచ్చు నా చేతి పక్కనే ఉంది. అయినా పోనివ్వలేదు. తప్పు నాది. మా పైవాళ్ళను తిట్టడానికి నా మైకే ఇచ్చాను. వాళ్ళు మావాళ్ళు. ఇక్కడే ఉంటారు. ఇది… ఇంతే. నాకు ఇంతకంటే మాట్లాడటం రాదు."

హలో గారు మైకు వైరు లాక్కుంటూ నేరుగా ఇస్త్రీ బండి దగ్గరికి నడిచి, మైకు ఇస్త్రీ ఆయన మూతి ముందు పెట్టారు.

"ఏంటిది హలో గారూ? నాకెందుకు?" అన్నాడతను బెదిరిపోయి. ఆ మాట హారనులోంచి వీధంతా వినిపించింది. తన గొంతుకు తనే ఉలిక్కిపడ్డాడు. ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టాడు. ఆ చొక్కా వైపు చూశాడు, మేడ వైపు చూశాడు.

"హలో" అన్నాడు చాలా చిన్నగా. "అదీ… బొగ్గులున్నాయి. మూట పంపమ్మా."

డ్రైవరు, "ఇంతకీ సామాను ఎక్కించాలా వద్దా?" అని అడిగాడు. అందరూ మేడ వైపే చూస్తున్నారు. పిట్టగోడ దగ్గర పైవాళ్ళ అమ్మాయి నిలబడి ఉంది, సంకలో పాప, చేతిలో మూట ముడి. కిందికి, ఇస్త్రీ బండి వైపు చూసింది. ఆ తర్వాత, రోజూ పెరట్లో సెట్టు పరీక్షించేటప్పుడు చెప్పినట్టే చెప్పింది.

"వినిపిస్తోంది. ఇంకొంచెం గట్టిగా."